గుమ్మం కొలత

పంట కాలవ గట్టులో కాపురముండే ఎలుకలకి ఆ ఏడు కాన్పులు బాగా కలిసొచ్చాయి. నిరుడు ఇరవై ప్రాణాలు, ఇప్పుడు రెండొందలు! కలుగు మాత్రం తాతల నాటిదే. పడుకుంటే ఒకరి తోక ఇంకొకరి నోట్లో. పైగా వానలు పట్టుకున్నాయి, కాలవ నిండుతోంది. అప్పాయమ్మ అనే ఎలుకకి తిండి సయించడం లేదు. లేస్తూనే వెనక గదిలో కాలు పెట్టి చూసుకునేది. ఇవాళ కాలు తడిసింది. ఆమె పసికూనలు పదకొండుమందీ పడుకునేది ఆ గదిలోనే.

"నోళ్ళు పెరిగిపోయాయమ్మా, మన ఖర్మ," అన్నాడు పెద్దెలుక గవరయ్య.

"నోటికి నాలుగేసి కాళ్ళు కూడా వచ్చాయి కదా మావా! దిబ్బ మీద కొత్త కలుగు తవ్వుకుందాం."

"దిబ్బ పైనంతా మొరం. మన గోళ్ళకి లొంగుతుందా?"

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు నక్క జంబన్న. "నేను లేనూ మావా! మొరం నేను పగలగొడతా. గోళ్ళు నావి, కలుగు మీది. ఒక్క గింజ అడిగితే ఒట్టు!"

గవరయ్య మురిసిపోయాడు. అప్పాయమ్మకి నక్క వినయాలు తెలియనివా? వెళ్ళి చూస్తే, జంబన్న దిబ్బ మీద గీత గీసి తన భుజాలు పడతాయో లేదో చూసుకుంటున్నాడు.

"అంత గుమ్మం ఎందుకు తమ్ముడూ?"

"గాలాడొద్దూ అక్కా! రెండొందలమంది కదా!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వద్దంటే నీళ్ళు, సరేనంటే నక్క. అప్పాయమ్మకి తడిసిన కాలు గుర్తొచ్చింది.

"సరే, కానీ. మొరం వరకే నువ్వు తవ్వు. కింద మెత్తటి మట్టి మా కుర్రకారు చూసుకుంటారు. నీకెందుకు శ్రమ?"

పని తగ్గిందని జంబన్న సంబరపడ్డాడు. మూడు రోజులు తవ్వి, అరిగిన గోళ్ళు నాక్కుంటూ పొదలో పడుకున్నాడు, గృహప్రవేశం ఎప్పుడా అని.

లోపల కుర్రాళ్ళంతా మట్టి ఎత్తిపోస్తుంటే అప్పాయమ్మ ఒక్కొక్కరి వెనకా నిలబడింది. "నీ నడుం ఎంతో సొరంగం అంతే! వేలెడు ఎక్కువ తవ్వావో, తోక కోస్తా!"

నాలుగో రోజు గట్టుకి గండి పడింది. పిల్లల్ని నోట కరుచుకుని అందరూ దిబ్బ మీదికి పరుగు. తొమ్మిది, పది... పదకొండోది ఏదీ? అప్పాయమ్మ పీకల్లోతు నీళ్ళలోకి తిరిగెళ్ళి, దాన్ని పట్టుకొచ్చి గుమ్మంలో పడింది. వెనకే జంబన్న దూకాడు!

పది అడుగులు వేశాడో లేదో, ఎదురుగా గోడ. గోడనిండా ఎలుక పట్టేంత కన్నాలు. ఒకదాంట్లో మూతి పెట్టాడు. మూతి దూరింది, చెవులు దూరలేదు. గీరబోతే గోళ్ళు లేవు, నెత్తురొచ్చింది.

"అక్కా! పెట్టుబడి నాది! ఇది అన్యాయం!" అని ఏడ్చాడు.

"నీదే తమ్ముడూ, కాదన్నామా?" లోపల్నించి రొప్పుతూ అంది అప్పాయమ్మ. "నువ్వు తవ్విన గుమ్మం నీకే వదిలేశాం. అక్కడే కూర్చో, గాలి బాగా ఆడుతుంది."

పెట్టుబడి ఎవరు పెట్టినా, గుమ్మం కొలత మాత్రం కాపురముండేవాళ్ళే తీసుకోవాలి.