రైలుతో నడక పందెం

చిత్రగిరి మహారాజావారికి ఒకప్పుడు పావురాల పిచ్చి ఉండేది. పావురాలు ఎగిరిపోయాక రైలు పిచ్చి పట్టింది. రైలు ఎగిరిపోదు కదా! సంస్థానం ఈ కొస నుంచి ఆ కొసకి అరవై మైళ్ళ పట్టాలు పడ్డాయి, పదకొండు స్టేషన్లు లేచాయి. వాటన్నిటి మీద జగ్గప్ప పంతులుగారు రైళ్ళ దివానుగా కూర్చున్నారు. అయిదేళ్ళుగా రైళ్ళు నడిపిస్తున్నారే గాని, ఆయన ఒక్కనాడూ రైలెక్కిన పాపాన పోలేదు.

ఒకనాడు మహారాజావారు కొలువులో బంగారు గడియారం ఒకటి బయటికి తీశారు.

"మా రైలు ఏడాదిగా రోజూ సరిగ్గా పదింటికి రాజధాని చేరుతోందట. ఒక్క నిమిషం ఆలస్యం లేదట. ఈ గడియారం దివాన్జీకి బహూకరిద్దామనుకుంటున్నాం. ఎవరికైనా అభ్యంతరమా?"

కొలువంతా తలలు నిలువునా ఊపింది. జీతాలిచ్చేది అడ్డంగా ఊపడానికి కాదు కదా.

అర్జీలు చదివి వినిపించే పేరయ్య మాత్రం ఒక కాగితం పట్టుకుని లేచాడు. "గవ్వలపేట స్టేషన్ మాస్టరు సింహాద్రి రాసుకున్న అర్జీ ప్రభూ. దివాన్జీ అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. రేపే ఆఖరు రోజు."

గవ్వలపేట అంటే రాజధానికి ముందు స్టేషను. మధ్య దూరం ఆరు మైళ్ళు.

"వాడు అబద్ధాలకోరు ప్రభూ!" అన్నారు జగ్గప్ప పంతులుగారు మీసం దువ్వుకుంటూ. "రైలు ఎనిమిదిన్నరకి గవ్వలపేట రావాలి. వాడు రోజూ స్టేషన్ పుస్తకంలో తొమ్మిదీ నలభై అయిదుకి వచ్చిందని రాస్తాడు."

"అక్కడ గంటంబావు ఆలస్యమైతే ఇక్కడికి వేళకెలా వస్తుంది?"

"రాదు కదా ప్రభూ! వస్తోంది కాబట్టే వాడు అబద్ధాలకోరు."

మహారాజావారికి ఈ తర్కం చాలా నచ్చింది. అర్జీ కొట్టేయడానికి కలం తీశారు. సింహాద్రి ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే అని పేరయ్యకి తెలుసు. గబగబా రైళ్ళ వేళల పుస్తకం తిరగేశాడు.

"ఎనిమిదిన్నరకి గవ్వలపేట, పదికి రాజధాని. ఆరు మైళ్ళకి గంటన్నర! ప్రభూ, ఈ మాత్రానికి రైలెందుకు? నేను నడిచొచ్చేస్తాను. దారిలో ఆగి ఇడ్లీ కూడా తింటాను."

ఎవరో కిసుక్కుమన్నారు. దివాన్జీ మొహం జేవురించింది.

"ఏమోయ్, నా రైలుతో నీ కాళ్ళకి పోటీనా?"

"పుస్తకం మీద తమ సంతకమే ఉంది దివాన్జీ."

"పుస్తకాన్ని పొయ్యిలో పెట్టు! కావలిస్తే పందెం కాయి!"

"కాశాను. నేను గెలిస్తే సింహాద్రి ఉద్యోగం ఉండాలి. ఓడితే నా మీసం తీయించుకుంటాను."

కొలువు నిర్ఘాంతపోయింది. సంస్థానంలో పేరయ్య మీసం తెలియనివాళ్ళు లేరు. మహారాజావారికి మాత్రం పావురాల రోజుల తర్వాత ఇంత ఉత్సాహం ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు ఖాళీ రైలొకటి గవ్వలపేటలో సిద్ధంగా నిలబడింది. జగ్గప్ప పంతులుగారు తలపాగా బిగించుకుని ఏకంగా ఇంజనులోకే ఎక్కారు. రాజధాని ప్లాట్‌ఫారం మీద మహారాజావారు కొలువుతో సహా గడియారం పట్టుకుని కూర్చున్నారు. పక్కన మంగలి కత్తి నూరుతున్నాడు.

ఎనిమిదిన్నరకి సింహాద్రి పచ్చజెండా ఊపాడు. పేరయ్య చెప్పులు చేతపట్టుకుని పొలం గట్టెక్కాడు.

"వెయ్యరా బొగ్గు!" అని దివాన్జీ కేక పెట్టారు.

ఎనిమిదీ నలభై రెండుకి రైలు రాజధానిలో ఆగింది. మసికొట్టుకున్న మొహంతో దివాన్జీ దూకి, ముందే తెప్పించుకున్న దండ తానే మెళ్ళో వేసుకున్నారు.

పేరయ్య పదవుతుండగా వచ్చాడు. కాళ్ళకి బురద, మూతికి చట్నీ.

"ఎంతసేపట్లో వచ్చానో తెలుసటోయ్? పన్నెండు నిమిషాల్లో!" అన్నారు దివాన్జీ.

"దారిలో ఏ ఇబ్బందీ లేకపోయిందా దివాన్జీ?"

"ఇబ్బందా? నా రైలుకి ఆరు మైళ్ళొక లెక్కా! రోజూ ఇలాగే వస్తుంది!"

"రోజూనా?"

"రోజూ! నేనెవరిననుకున్నావు?"

పేరయ్య మహారాజుకి చేతులు జోడించాడు. "ఓడిపోయాను ప్రభూ. మీసం తీయించండి, నెల తిరిగేసరికి మళ్ళీ మొలుస్తుంది. సింహాద్రి ఉద్యోగం మొలవదు. అందుకని ఒక్క సందేహం మాత్రం తీర్చమనండి."

"ఏమిటది?"

"పన్నెండు నిమిషాల దారికి దివాన్జీ పుస్తకంలో గంటన్నర ఎందుకు రాసుకున్నట్టు?"

దివాన్జీ మెళ్ళో దండ సర్దుకున్నారు.

మహారాజావారు గడియారం వంక చూశారు, దివాన్జీ వంక చూశారు. "అంటే తొమ్మిదీ నలభై అయిదుకి గవ్వలపేట వచ్చినా..."

"పదిలోపు ఇక్కడుంటుంది ప్రభూ. పది స్టేషన్ల ఆలస్యాన్నీ తెచ్చి ఈ ఆరు మైళ్ళలో పాతిపెట్టారు. దారిలో జనం గంటకి పైగా మూటల మీద కూర్చుంటారు, రాజధానికి మాత్రం రైలు వేళకే వస్తుంది. సింహాద్రి చేసిన తప్పల్లా గడియారం చూసి రాయడమే."

మహారాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వుతున్నారని రూఢి చేసుకున్నాక కొలువు కూడా నవ్వింది.

బంగారు గడియారం సింహాద్రికి పంపమన్నారు, ఉద్యోగం ఖాయం చేశారు. తన పట్టుశాలువా తీసి పేరయ్య భుజాన కప్పారు. పేరయ్య మాట ప్రకారం మంగలి ముందు కూర్చుని గడ్డం పైకెత్తాడు.

"నువ్వు లే పేరయ్యా," అన్నారు మహారాజావారు. "పిలిపించిన మంగలిని ఊరికే పంపడం మర్యాద కాదు గాని... దివాన్జీ, తమరు ఇలా వచ్చి కూర్చోండి!"