పూజలో పెట్టిన మూడు పుస్తకాలు

"మూడు పుస్తకాలూ చదివాను మాస్టారూ. వీటిలో ఏది పనికొస్తుందో ఎలా తేల్చాలి?" అని అడిగింది కోటేశ్వరి.

మస్తాన్రావు మాస్టారిని ఎవరేం అడిగినా ముందు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటారు. తుడవడం పూర్తయ్యేలోపు అడిగినవాళ్ళు తమ ప్రశ్నకి తామే జవాబు చెప్పుకుని వెళ్ళిపోవాలని ఆయన ఆశ. చాలామంది వెళ్ళిపోతారు కూడా. చీరాలలో బట్టల కొట్ల పైన మేడమీద ఆయనకో కంప్యూటర్ సెంటర్ ఉంది. అక్కడ వెబ్ పేజీలు కట్టడం నేర్పుతారు. ఊరికే చూసిపోయే పేజీలు కాదు, నొక్కితే కదిలి, అడిగితే బదులు పలికే పేజీలు. పేజీల చేత బదులు పలికించే ఈ పెద్దమనిషి తాను మాత్రం తిన్నగా ఒక్కదానికీ బదులు చెప్పడని శిష్యులు చాటుగా నవ్వుకుంటూ ఉంటారు.

కోటేశ్వరి వెళ్ళిపోలేదు. ఆమెకి అది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు. దసరా వెళ్ళగానే ఆమె దోర్నాల అవతల, నల్లమలలో ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకి ఈ విద్య నేర్పడానికి వెళ్తోంది. పిల్లలందరికీ తలా ఒక పుస్తకం కొనిస్తామనీ, ఏ పుస్తకమో విజయదశమినాటికి చెప్పమనీ అక్కడి హెడ్మిస్ట్రెస్ గారు అడిగారు. అక్కడ నెట్టు రాదు. కోటేశ్వరి వారానికి రెండు రోజులే బడిలో ఉంటుంది. తక్కిన రోజుల్లో ఆ పిల్లలకి గురువైనా, తోడైనా ఆ పుస్తకమే.

పైగా ఆమెకి ఒక పాత దెబ్బ గుర్తుంది. డిగ్రీలో ఉండగా ఎవరో చెప్పారని ఒక పుస్తకం తెచ్చుకుని ఇంట్లో ఒంటరిగా కుస్తీ పట్టింది. సగంలో ఆగిపోయింది. నా బుర్రకి ఇది ఎక్కదులే అనుకుని ఏడాదిపాటు కంప్యూటర్ వంక చూడలేదు. తర్వాత మాస్టారి దగ్గర చేరాకగానీ లోపం బుర్రలో లేదని తెలియలేదు. తప్పు పుస్తకం చేతికిస్తే పిల్లలు పుస్తకాన్ని తిట్టరు, తమని తాము తిట్టుకుంటారు. అదీ ఆమె భయం.

కళ్ళజోడు పెట్టుకున్నాక కూడా ఎదురుగా కోటేశ్వరి ఉండేసరికి మాస్టారు లొంగిపోయారు. "సరే, ఏది ఎలా ఉందో చెప్పు" అన్నారు.

పుస్తకం ఎలా ఉందంటే బాగుంది అనేసి ఊరుకోవడం మనకి అలవాటు. పెళ్ళి భోజనం ఎలా ఉందన్నా అదే మాట. కోటేశ్వరి పాపం ఒళ్ళు దాచుకోకుండా చెప్పింది. మొదటిది బొమ్మల పుస్తకం. పేజీకో రంగు బొమ్మ, బొమ్మ కింద ఓ చమత్కారం. "మొదలుపెడితే కింద పెట్టబుద్ధి కాలేదు మాస్టారూ" అంది.

"రెండు చేతులూ పుస్తకానికే ఇస్తే మరి కీబోర్డు ఎవరు కొట్టారు?" అన్నారాయన.

ఆమె అది విననట్టే రెండోదానికి వచ్చింది. అది లావు పుస్తకం. తలకింద పెట్టుకుంటే మెడ పట్టేస్తుంది. అందులో లేని విషయం లేదు. మూడోది సన్న పుస్తకం. ఎవరో పాత విద్యార్థి సెంటర్లో వదిలేసి పోయినది. అట్ట వెలిసిపోయింది, మూలలు నలిగిపోయాయి. కొత్త ముద్రణ మాత్రం ఇంకా బజార్లో దొరుకుతోంది. దాని పేరెత్తితేనే కోటేశ్వరికి ఒళ్ళుమంట. "రెండు పేజీలు చదివామో లేదో, ఇక పుస్తకం మూసి చేసి చూడండి అంటుంది. కిందా మీదా పడి చేశామా, పనిచేసిందని మురిసేలోపే, ఇప్పుడు దీన్ని చెడగొట్టండి, ఏమవుతుందో చూడండి అంటుంది. బాగున్నదాన్ని చేజేతులా చెడగొట్టడం ఏమిటండీ? అయినా పట్టుబట్టి చివరిదాకా చేశాననుకోండి."

మాస్టారు తల ఊపారు. "రేపు మూలా నక్షత్రం. మూడూ పట్రా" అన్నారు.

మర్నాడు సెంటర్లో సరస్వతీ పూజ. పటానికి బంతిపూల దండ వేశారు. పిల్లలు తలో పుస్తకం తెచ్చి పటం ముందు పెట్టారు. పూజలో పెట్టిన పుస్తకం దశమి దాకా ముట్టుకోకూడదని కదా మన పెద్దల మాట. చదవకూడదన్న ఆ ఒక్క మాటనీ ప్రాణం పెట్టి పాటించే పిల్లలు ఏ ఊళ్ళోనైనా ఉంటారు. కోటేశ్వరి తన మూడు పుస్తకాలూ పెట్టింది. మాస్టారు వాటిమీద పట్టుగుడ్డ కప్పి, ఆపైన గోడకున్న వైఫై డబ్బా ఊడదీసి, దానికి కూడా బొట్టు పెట్టి పుస్తకాల పక్కన కూచోబెట్టారు.

"ఇదెందుకు మాస్టారూ?"

"నీ పిల్లలకి లేనిది నీకు మాత్రం ఎందుకు? ఫోను నీ దగ్గరే ఉంచుకో. నీకు నువ్వే కాపలా."

అంతలో మెట్లెక్కి చెన్నకేశవులు గారు వచ్చారు. ఆయనకి కింద బట్టల కొట్టు, ఆ వీధి నవరాత్రి కమిటీకి కార్యదర్శి. నవమినాడు పందిట్లో అన్నదానం. ఏటా మనుషుల లెక్క తేలక ఒక ఏడు అన్నం చాలక మాటపడటం, ఇంకో ఏడు మిగిలి పారబొయ్యడం. ఈసారి అష్టమి సాయంత్రం పందిరి గుమ్మంలో ఒక కంప్యూటర్ పెడితే, వచ్చినవాళ్ళు వచ్చినట్టు తమ ఇంటి పేరూ, ఎంతమంది భోజనానికి వస్తారో కొట్టి మీట నొక్కుతారు. మొత్తం ఎంతయ్యిందో పెద్దక్షరాల్లో కనపడితే వంటాయన దాన్నిబట్టి బియ్యం పోసుకుంటాడు. అలాంటి పేజీ ఒకటి చేసిపెట్టమని అడిగారు.

"మా కోటేశ్వరి చేస్తుంది" అన్నారు మాస్టారు. చెన్నకేశవులు గారు వెళ్ళాక ఆమెవైపు తిరిగి, "నన్ను కూడా పూజలో పెట్టేశారనుకో. పని చేస్తుండగా నీ చెయ్యి ఏ పుస్తకం కోసం వెతుక్కుంటుందో చూసుకుని దశమినాడు చెప్పు" అన్నారు.

ఇంత తేలిక పరీక్షా అనుకుంది కోటేశ్వరి. కూచుని పని మొదలుపెట్టింది. పేజీకి ఒక రూపు ఇవ్వాలనేసరికి బొమ్మల పుస్తకం కోసం చెయ్యి జాపబోయి పట్టుగుడ్డ చూసి ఆగింది. ఆ పుస్తకంలో అది చెప్పినచోట నవ్వుతున్న పిల్లి బొమ్మ కళ్ళకి కట్టినట్టు గుర్తుంది, పిల్లి కింద ఏం రాశారో గుర్తు రాలేదు. అక్షరాలు పెద్దవి చెయ్యాలంటే లావు పుస్తకం కావాలనిపించింది. రంగు మార్చాలన్నా అదే, వరసలు సర్దాలన్నా అదే. గుడ్డకేసి చూడటం, నిట్టూర్చడం, తనకి తోచినట్టు చేసుకుపోవడం. మీట నొక్కితే పేజీ పలికే భాగం మాత్రం చేతులు వాటంతటవే రాసుకుపోయాయి. అదేమంత కష్టం కాదులే అనుకుందిగానీ, ఎందుకు కష్టం కాలేదని ఆలోచించలేదు. పేజీ తయారైంది. తను ఒక ఇల్లు కొట్టి చూసుకుంది, నలుగురు. తెర మీద 04 అని వచ్చింది. ముందు ఆ సున్నా ఎందుకొచ్చిందో పట్టించుకోలేదు. పండగ హడావుడి.

అష్టమి సాయంత్రం పందిట్లో జనం. మొదటి ఇంటివాళ్ళు నలుగురు, తెర మీద 04. "ముందు సున్నా శుభమేలే" అన్నారు చెన్నకేశవులు గారు. రెండో ఇంటివాళ్ళు ఐదుగురు. తెర మీద 045. మూడో ఇంటివాళ్ళు ఇద్దరు. 0452.

వంటాయన తెరకేసి చూశాడు. "మూడిళ్ళకే నాలుగొందల యాభై రెండా? మీ వీధి పూర్తయ్యేసరికి నేను జిల్లా అంతటికీ వండాలి" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. వరసలో ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు, ఇది తేలే పని కాదులే అని పక్కకి జరగబోయారు. కోటేశ్వరి మాస్టారి కోసం చూసింది. మాస్టారు పందిట్లోనే ఉన్నారు, అమ్మవారికేసి చూస్తూ నిలబడ్డారు తప్ప ఇటు తిరగలేదు. ఫోను నడుముకే ఉంది. తియ్యలేదు.

ఒక్క నిమిషం తెరకేసి చూసింది. నాలుగు, ఐదు, రెండు. కలవలేదు, పక్కపక్కన అతుక్కున్నాయి. తెర మీది గడిలో మనం కొట్టింది కంప్యూటరుకి అంకె కాదు, అక్షరం. అక్షరాల్ని అది కూడిక చెయ్యదు, దండ గుచ్చినట్టు గుచ్చుకుపోతుంది. ముందు దీన్ని అంకెగా తీసుకో అని చెప్తేగానీ కూడిక జరగదు. ఆ ఒక్క మాటా చేర్చి, పేజీ మళ్ళీ తెరిచి, మూడిళ్ళూ తనే మళ్ళీ కొట్టింది. పదకొండు. పక్కకి జరిగినవాళ్ళు వరసలోకి వచ్చారు.

నవమినాడు వడ్డన చల్లగా జరిగిపోయింది. చివరి బంతిదాకా అన్నం సరిపోయింది, పారబొయ్యవలసింది లేకపోయింది. వంటాయన తానే వచ్చి కోటేశ్వరి విస్తట్లో రెండో పూర్ణం వేసి, "నిన్న నవ్వినందుకు" అన్నాడు. ఆ పూట ఆమె మనసు కూడా నిండింది. తనని నమ్మి పని అప్పగించిన మాస్టారి మీద, నవ్వి కూడా వరసలో నిలబడ్డ వీధి జనం మీద ప్రేమ పొంగింది.

కానీ దశమి పొద్దున సెంటర్ మెట్లు ఎక్కుతుంటే దిగులు మొదలైంది. మధ్యాహ్నంలోగా పేరు పంపాలి. పరీక్ష ఏం తేల్చిందో ఆమెకి తెలుసు. హెడ్మిస్ట్రెస్ గారికి పంపడానికి లావు పుస్తకం పేరు ఫోనులో కొట్టి కూడా పెట్టుకుంది. పంపడానికి మాత్రం వేలు ఆడలేదు. నెట్టు లేని ఆ కొండల్లో, చిన్న పిల్లలు ఆ లావు పుస్తకం ముందేసుకుని కూచోవడం తలుచుకుంటే, డిగ్రీ రోజుల్లో ఇంట్లో ఒంటరిగా కూచున్న తన మొహమే కనిపిస్తోంది.

మాస్టారు హారతిచ్చి పట్టుగుడ్డ తీశారు. "ఊఁ, చెప్పు" అన్నారు.

"ఎక్కువసార్లు లావు పుస్తకం కోసమే వెతుక్కున్నాను మాస్టారూ. తర్వాత బొమ్మల పుస్తకం. సన్న పుస్తకం అయితే ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. మీ లెక్క ప్రకారం లావుదే పంపాలి. నాకే మనసొప్పడం లేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. ఆమె కదల్లేదు. ఆయన తుడుస్తూనే అడిగారు. "మొన్న పందిట్లో, అది అంకె కాదు అక్షరం అని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. నాకు తెలుసు."

"ఎప్పట్నించి?"

కోటేశ్వరికి శ్రావణంలో ఒక వాన మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. తను చేసిన కూడిక చక్కగా పనిచేస్తోంది. 'ఇప్పుడు అంకెగా మార్చే ఆ మాట తీసేసి చూడండి' అంది సన్న పుస్తకం. దాన్ని నాలుగు తిట్లు తిట్టి తీసేసింది. రెండూ రెండూ ఇరవై రెండు అని తెర మీద పడింది. గదిలో ఒక్కతే పగలబడి నవ్వింది కూడా. మీటని పలికించడం ఎన్నిసార్లు చేయించిందో, ఎన్నిసార్లు చెడగొట్టించిందో, అన్నీ ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

ఆమె వంగి, కుంకుమ అంటిన ఆ వెలిసిన పుస్తకాన్ని తీసుకుని, మొదటిసారిగా లోపలి అట్ట మీద రాసినవాళ్ళ పేరు చదివింది. ఎవరో ఏమో, ఏ ఊరో. తన మొహం కూడా ఎరగని మనిషి. ఈ పిల్ల ఎప్పుడో నలుగురిలో ఈ తప్పు చేసి తెల్లబోతుందని ముందే తలచి, అదే తప్పు ఇంట్లో కూచోబెట్టి చేయించిన మనిషి. కన్నతల్లి అయినా ఇంతకన్నా ముందుచూపు చూస్తుందా అనిపించి కోటేశ్వరికి కళ్ళు చెమర్చాయి. పుస్తకం కళ్ళకద్దుకుంది. ఫోను తీసి, కొట్టి పెట్టుకున్న లావు పుస్తకం పేరు చెరిపేసింది.

అయినా ఒక ముల్లు మిగిలింది. "ఇంత చేసిన పుస్తకం, పూజలో పెట్టాక ఒక్కసారన్నా గుర్తు రాలేదేం మాస్టారూ?" అంది, తన మీద తనకే కోపంగా.

మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు.

"అది పూజలో ఎక్కడుందమ్మా, నీతోపాటు పనిలో ఉంటేనూ" అన్నారు.