నక్క చెప్పిన సాక్ష్యం

కాలువకు అవతల చెరుకు తోట, ఇవతల చర్చి కాంపౌండు. ఆ కాంపౌండులో పాస్టరుగారి పెరటి కోళ్లు, బాతులు, ఓ టర్కీ కోడి కలిసి బతికేవి. టర్కీ పేరు అభిషేకం గారు. ఆదివారం ఆరాధన జరుగుతున్నంతసేపూ కిటికీ కింద నిలబడి వాక్యం వినేవాడు. సోమవారం పొద్దున్నే దాన్ని తనకు తోచినట్టు మార్చి మిగతావాళ్లకు చెప్పేవాడు. మెడ కింద ఎర్రతోలు ఊపుకుంటూ చెబుతుంటే కాదనే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అలా సంఘపెద్ద అయిపోయాడు.

దీనమ్మ ఆ పెరట్లో పెట్ట. తొమ్మిది గుడ్లు పొదిగితే గద్దలకూ పిల్లులకూ పోగా మిగిలింది ఒక్క సలోమి. రెక్క కిందే పెట్టుకుని పెంచింది. ఆ పిల్ల గుడ్డు పెట్టాల్సిన వయసులో ఓ తెల్లవారుజామున గోడెక్కి, మెడ సాచి, అచ్చం పుంజులా కూసింది.

పెరట్లో అసలు పుంజు లేదు. ఉన్న ఒక్కటీ క్రిస్మస్‌కి బిషప్పుగారు వచ్చినప్పుడు కూరైపోయింది. అప్పటినుంచి తోటలో నక్క కదిలితే గోడమీంచి మొదట కూసేది సలోమే. ఆ కూత వినే అందరూ గూట్లో దూరి బతికిపోయేవారు. ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాలేదు. పెట్ట కూస్తోందన్న ఒక్క మాటే పెరడంతా తిరిగింది.

"ఏంటమ్మా దీనమ్మా ఇది?" అన్నాడు అభిషేకం గారు. "పెట్టని పెట్టగా చేశాడు దేవుడు. నీ కూతురు దేవుడి పనిని దిద్దుతోందా?"

"చిన్నపిల్లండీ. తగ్గిపోద్ది."

"తగ్గడానికి అదేమన్నా జలుబా?"

దీనమ్మ తల దించుకుని కూతురి దగ్గరికొచ్చింది. "ఒక్క వారం మానెయ్యకూడదా అమ్మా? నాకోసం."

"మొన్న మూడ్రోజులు మానేశానమ్మా," అంది సలోమి. "గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టయి గింజ దిగలేదు. కావాలని కుయ్యట్లేదు. నా గొంతే అది."

పిల్ల మూడ్రోజులు తినకపోవడం దీనమ్మ చూసింది. కూత ఆగింది కదా, తన ఉపవాస ప్రార్థన పనిచేస్తోందని సంబరపడింది కూడా.

ఆ గురువారం గేటు బయట నక్క వచ్చి కూర్చుంది. తల వంచుకుని, తోక కాళ్లకింద పెట్టుకుని, ఎంతో వినయంగా. "వందనాలండీ. భయపడకండి, దూరంగానే ఉంటాను. సాక్ష్యం చెప్పుకోవడానికొచ్చాను."

ఆ పెరటివాళ్లకు సాక్ష్యమంటే ప్రాణం. చెప్పేవాడి పాపం ఎంత పెద్దదైతే అంత శ్రద్ధగా వినేవారు, చిన్న పాపాలవాడు లేస్తే కునికేవారు. ఏడుస్తూ సాక్ష్యం చెప్పినవాణ్ణి అనుమానించడం ఆ సంఘంలో ఎన్నడూ లేదు.

"నేను ఇరవయ్యారు కోళ్లను తిన్నాను," అంది నక్క.

"స్తోత్రం," అన్నారు కోళ్లు.

"బాతుల లెక్క గుర్తు లేదు. ఓ రోజు చెరుకు తోటలో నాకు మారుమనసు కలిగింది. మాంసం ముట్టడం మానేశాను. పేరు కూడా మార్చుకున్నాను, ఇప్పుడు నన్ను జీవరత్నం అంటారు. దారి తప్పిన పిల్లల్ని దగ్గర పెట్టుకుని ప్రార్థన చేసి బాగుచేసి పంపిస్తున్నాను." కళ్లు తుడుచుకుని గోడమీది సలోమిని చూసింది. "నక్కనే మారాను కదండీ. ఒక పెట్ట కూత మారదా?"

అభిషేకం గారి తోక విసనకర్రలా విప్పుకుంది. "విన్నావా దీనమ్మా? ఇంక నీ ఇష్టం. బిడ్డ కావాలో, బిడ్డ కూత కావాలో."

దీనమ్మకు బిడ్డే కావాలి. బిడ్డ నరకానికి పోతుందన్న భయం తప్ప ఆ తల్లి మనసులో ఇంకేమీ లేదు. అదే రోజు కూతుర్ని తీసుకుని కాలువమీది తాటిదుంగ దాటింది.

"అమ్మా, వాడు మారలేదు," అంది సలోమి దుంగ మధ్యలో ఆగి. "నన్ను చూసేటప్పుడు వాడి నోరు చూడు."

"తప్పు. సాక్ష్యం చెప్పినవాణ్ణి అలా అనకూడదు."

"మరి నేను చెప్పింది? నా గొంతే ఇదని చెప్పాను కదా. అది సాక్ష్యం కాదా?"

దీనమ్మ ముక్కుతో మెల్లిగా ముందుకు నెట్టింది. నెట్టింది తల్లే, ఇంకెవరూ కాదు.

కూతుర్ని నక్కకు అప్పగించి వచ్చాక మూడు తెల్లవారుజాములు కాలువ గట్టున నిలబడి వింది. అవతలినుంచి కూత లేదు. మూడోరోజు నక్క గట్టుమీదికొచ్చి చెప్పింది. "పోయిందమ్మా. పూర్తిగా పోయింది. ఇంకెప్పటికీ కుయ్యదు."

దీనమ్మ అక్కడే కూలబడి దేవుడికి స్తోత్రం చెప్పింది. సోమవారం అందరిముందూ నిలబడి తన కూతురు బాగుపడిందని సాక్ష్యమిచ్చింది. పుట్టి బుద్ధెరిగాక అంతమంది ఆమె మాట వినడం అదే మొదలు.

మర్నాడు కూతుర్ని ఇంటికి తెచ్చుకుందామని నోట్లో నాలుగు నూకలు పట్టుకుని దుంగ దాటింది. నక్క ఇంట్లో లేదు. ఎండు చెరుకాకుల మీద సలోమి గోధుమరంగు ఈకలున్నాయి, రెండు కాళ్లున్నాయి. ఇంకేం లేదు. నూకలు నోట్లోంచి జారిపోయాయి.

ఒక ఈక పట్టుకుని ఎలా వచ్చిందో, అభిషేకం గారి ముందు పడేసింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాత ఈకలు రాలితేనే కదమ్మా కొత్తవి వచ్చేది."

"అయ్యా, నా బిడ్డ చచ్చిపోయిందండీ. వాడు తినేశాడండీ."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నిన్ననే సాక్ష్యమిచ్చావు. ఇవాళ అబద్ధమంటే నలుగురి విశ్వాసం ఏమైపోవాలి? కూస్తూ బతికి చెడిపోయే కన్నా, మారి ప్రభువు దగ్గరికి పోయిందనుకో. ఆయనకు తెలియదా?" ఆ ఈకను కాలికింద వేసి మట్టిలోకి తొక్కాడు.

దీనమ్మకు అప్పుడు ఏడుపు కూడా రాలేదు. గేటువైపు చూస్తే ఎస్తేరు బాతు కొడుకును వెంటబెట్టుకుని పోతోంది. ఆ పిల్లాడు ఆడబాతుల వైపు చూడడని, ఎప్పుడూ పక్కింటి మగబాతు వెంటే ఈదుతాడని పెరట్లో చెప్పుకునేవారు.

"ఎస్తేరొదినా, ఎక్కడికి?"

"జీవరత్నంగారి దగ్గరికే. నిన్న నీ సాక్ష్యం విన్నాకే నాకు ధైర్యమొచ్చింది వదినా."

"వద్దు. వాడు సలోమిని తినేశాడు. నా కళ్లతో చూశాను."

ఎస్తేరు మొహం మాడిపోయింది. "నీ బిడ్డ బాగుపడితే చాలా? మావాడు బాగుపడొద్దా?" అనేసి నడక పెంచింది.

దీనమ్మ పరుగెత్తి గోడెక్కింది. పెరడంతా గూట్లో దూరేలా, ఆ పిల్లాడు దుంగమీద ఆగిపోయేలా ఒక్కసారి కుయ్యాలనుకుంది. మెడ సాచింది. ఉన్న బలమంతా పెట్టింది. రోజూ వినే కొక్కొక్కొక్ అనే పెట్ట అరుపే వచ్చింది. ఎవరూ తలెత్తి చూడలేదు. బాతుపిల్లాడు ఒక్కసారి వెనక్కి తిరిగాడు. తల్లి ముక్కుతో ముందుకు నెట్టింది.

ఇందులో నీతి అడిగితే ఇంతే: నక్క మారిందని నమ్మగలిగిన తల్లి, బిడ్డ మారనక్కర్లేదని నమ్మి ఉంటే సరిపోయేది.