నాలుగో నంబరు

అనగనగా ఒక ఊళ్ళో, పొద్దున తొమ్మిదీ పదికి, మస్తానమ్మ తన జిరాక్సు షాపు షట్టరెత్తింది, బుజ్జీ. రోజూలాగే వైఫై పెట్టెని ఆపి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ వేసింది.

ఆ పెట్టె పనేమిటంటే, వచ్చినవాళ్ళకి తలా ఒక నంబరివ్వడం. దాన్నే ఐపీ అడ్రస్ అంటారు. నంబరుంటేనే ఎవరికి పంపింది వాళ్ళకి చేరుతుంది. ఒకటో నంబరు పెట్టెదే. అప్పుడు కంప్యూటరు లేచి, "నాకో నంబరు" అంది.

"రెండో నంబరు ఖాళీ. కావాలా?" అంది పెట్టె.

"కావాలి."

"సాయంత్రం దాకా నీదే," అని పెట్టె తన పుస్తకంలో రాసుకుంది. ఆ తర్వాత మస్తానమ్మ ఫోను మూడో నంబరు తీసుకుంది.

ప్రింటరు మాత్రం అడగలేదు. "నేనిక్కడ అందరికన్నా పాతదాన్ని. నన్ను బిగించిన రోజే మెకానిక్కు నాకు నాలుగో నంబరు ఇచ్చాడు. మళ్ళీ దీన్ని అడిగేదేమిటి?" అని బిగుసుకుని కూర్చుంది.

అడిగితే ఏం పోయిందంటావా? నేనూ అదే అంటాను.

మస్తానమ్మ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పదు. అందుకని నాలుగో నంబరు కావాలన్నవాళ్ళు ఏనాడూ రాలేదు.

అప్పుడు రొప్పుతూ కరుణ అనే పిల్ల వచ్చింది. పక్క వీధిలోనే పాలిటెక్నిక్ పరీక్ష. తొమ్మిదీ నలభై ఐదుకి గేటు మూసేస్తారు. హాల్ టికెట్టు ఫోన్లో ఉంది, పంపడానికి నెట్ లేదు. మస్తానమ్మ జాలిపడి చెవిలో పాస్‌వర్డ్ చెప్పింది.

పెట్టె పుస్తకం చూసింది. ప్రింటరు అడగలేదుగా, అందులో నాలుగో నంబరు ఖాళీ. కరుణ ఫోనుకి ఇచ్చేసింది! కరుణ హాల్ టికెట్టుని కంప్యూటరుకి పంపింది.

ఇంకేముంది? కంప్యూటరు హాల్ టికెట్టుని ప్రింటరుదే కదా అని నాలుగుకి పంపితే, అది కరుణ ఫోనుకే పోయింది. "నా దగ్గర కాగితాలెక్కడివమ్మా?" అంది ఫోను. మస్తానమ్మ ప్రింటరు తల నిమిరి రెండోసారి పంపింది. రాలేదు. "నీ దుంప తెగ!" అని మూడోసారి పంపింది. రాలేదు.

తొమ్మిదీ ముప్ఫై ఎనిమిది. కరుణ కళ్ళనిండా నీళ్ళు. "టికెట్టు లేకుండానే వెళ్ళి బతిమాలతా ఆంటీ," అని, పరీక్షలో ఫోను పనికిరాదు కదా, ఆపేసి సంచిలో వేసుకుంది.

అంతే! నాలుగో నంబరు ప్రింటరొక్కదానిదే అయింది. చేరని మూడింటినీ కంప్యూటరు మళ్ళీ పంపేసరికి, ప్రింటరు గర్రుమని మూడు హాల్ టికెట్లు కక్కింది.

"మూడెందుకే, మీ ఇంటిల్లిపాదీ రాస్తారా? పరిగెత్తు!" అంది మస్తానమ్మ. గేటు సగం మూస్తుండగా కరుణ లోపల పడింది.

ఆ తర్వాత ఐదు రోజులకి మెకానిక్కు వచ్చి, గోడమీది క్యాలెండరు తీశాడు. వెనక గోడమీద అతని చేతిరాతే: "ప్రింటరుది నాలుగు. ఎవరికీ ఇవ్వొద్దు." గోడకి చెప్పాడు, పెట్టెకి చెప్పడం మర్చిపోయాడు!

కథేమో కంచికి,
టికెట్టేమో సంచికి,
మనమిద్దరం మంచానికి.