తవిటమ్మ గోడ

మన తాతల తాతలకి తాత ఇంకా ఉయ్యాల్లో ఉన్న రోజులవి. కొండకీ ఏటికీ మధ్య ఒక కంచరి వీధి ఉండేది. గుడి గోపురాల మీద పెట్టే రాగి కలశాలకి ఆ వీధిలో బంగారు పూత పూసేవారు. ఆ పూత కొట్టుకి గోడలు మెత్తే మనిషి తవిటమ్మ.

పూత ఎలాగంటే, బంగారాన్ని పాదరసంలో వేసి నూరేవారు. వెన్నముద్దలా అయ్యేది. దాన్ని కలశానికి రాసి నిప్పుల మీద కాచేవారు. పాదరసం పొగై లేచిపోయేది, బంగారం అంటుకుని మిగిలేది. ఆ పొగతో పాటు బంగారం కూడా ఎగిరిపోతుందేమోనని వాళ్ళ భయం. అందుకే కొట్టుకి కిటికీ లేదు. పైన మట్టి కప్పు, చుట్టూ నాలుగు గోడలు, తలుపు మూసి కాయడమే.

పెద్ద కంచరి బ్రహ్మలింగం పొద్దున్నే కేకేసేవాడు.

"ఓలే తవిటీ! గోడ మెత్తు, సందు కప్పు, గాలి రానీకు!"

తవిటమ్మ మెత్తేది, కప్పేది, గాలి రానిచ్చేది కాదు. ఆమె చెయ్యి పడితే చీమ దూరే సందు కూడా మిగిలేది కాదు. లోపల నిప్పులు రాజుకునేలా తోలు తిత్తి ఊదేవాడు ఆమె మొగుడు గవరయ్య.

ఒకనాడు గవరయ్య గంజి తాగుతుంటే చేతిలో ముంత వణికింది. గంజి ఒళ్ళో పడింది.

"ఏటయ్యిందయ్యా?"

"ఏటీ నేదే. తిత్తి ఊదీ ఊదీ రెక్క లాగేస్తంది."

తవిటమ్మ ఉప్పు దిగదుడిచింది. తగ్గలేదు.

కొన్నాళ్ళకి చిగుళ్ళు వాచాయి. అన్నం ముద్దతో పాటే ఒక పన్ను ఊడొచ్చింది. ఏం తిన్నా రాగి నాకినట్టుందన్నాడు. తవిటమ్మ అమ్మవారికి కోడిని మొక్కింది. తగ్గలేదు.

ఇంకొన్నాళ్ళకి మనిషే మారిపోయాడు. జాతరలో డప్పు ముందు నిలబడి చిందేసేవాడు కాస్తా, ఎవరైనా తనవైపు చూస్తే చాలు, తడిక చాటుకి పోయి ఏడ్చేవాడు. తవిటమ్మ తాయెత్తు కట్టించింది. తగ్గలేదు. అంతకు ముందు తిత్తి ఊదినవాళ్ళూ ఇలాగే వణికి, ఇలాగే పళ్ళూడి, ఇలాగే మూల కూర్చుని పోయారని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు గోడ మెత్తబోతూ పాత మట్టి గీకింది. తళుక్కుమంది. బంగారమేమో అనుకుంది. కాదు. ఆవగింజలంత తెల్లటి గుండ్లు. వేలు పెడితే జారి పారిపోతున్నాయి. పాదరసం! గోడలోకే ఇంత దిగితే మనిషిలోకి ఎంత దిగిందో? ఆ సందులన్నీ కప్పింది ఈ చేతులే కదా?

ఆ రోజు వేలెడు సందు వదిలేసింది. లోపల దీపం ఊగింది. బ్రహ్మలింగం పసిగట్టేశాడు.

"గోడ మెత్తు, సందు కప్పు, గాలి రానీకు!"

మెత్తింది. మరోసారి చూరు కింద పిడికెడు కన్నం వదిలింది. అదీ పసిగట్టాడు. తను వదిలిన కన్నాన్ని తనే పూడ్చి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది. ఎంత కడిగినా ఇంకా కడగాలనిపించింది.

అంతలో రాజుగారి కలశం వచ్చింది. మనిషెత్తు కలశం. అంత పెద్దది ఆ కొట్టులో ఎన్నడూ కాయలేదు. తవిటమ్మ వెళ్ళి బ్రహ్మలింగం ముందు కూలబడింది.

"బాబూ, ఒక్క కిటికీ పెట్టించండి. ఈ కలశం కాస్తే నా పెనిమిటి బతకడు."

"గాలి తగిలి బంగారం ఎగిరిపోతే? కాటాలో తరుగొస్తే రాజు నా కుడిచెయ్యి నరికిస్తాడు. నీ చెయ్యి ఇస్తావేటే?"

"ఇస్తాను బాబూ."

"గోడలు మెత్తే చెయ్యి రాజుకెందుకే, కోటకి అలుకు పెట్టించుకోడానికా?" అని నవ్వాడు. నవ్వుతూనే తన చెయ్యి పైగుడ్డ కిందకి లాక్కున్నాడు. అదీ వణుకుతోందని తవిటమ్మ చూసింది.

ఇంటికొచ్చి మొగుణ్ణి పట్టుకుంది.

"ఎల్లొద్దయ్యా."

"నాను ఎల్లకపోతే ఇంకోడిని లాగుతారు. ఒగ్గేయే."

నిప్పు రాజేశారు. తలుపు మూశారు. తవిటమ్మ ఏటి వైపు గోడ మొదట్లో ఒక కడవ నీళ్ళు పోసింది. ఇంకో కడవ పోసింది. ఇంకో కడవ పోసింది. ఏ గోడ ఎక్కడ మెత్తబడుతుందో ఆమెకి తెలుసు. లోపల తిత్తి చప్పుడు ఆగి ఆగి వస్తోంది. పూర్తిగా ఆగిపోతే? గునపం దింపి బలంకొద్దీ లాగింది.

గోడ బయటికి కూలింది. కప్పు గుంజల మీద నిలిచింది. పొగంతా తవిటమ్మ మొహాన కొట్టింది.

"బంగారం! బంగారం పోతంది!" అంటూ బ్రహ్మలింగం పైగుడ్డ పరిచి పొగ వెనకాల ఏటిదాకా పరిగెత్తాడు. గుడ్డలో ఏమీ పడలేదు. గవరయ్య తిత్తి మీదే వాలిపోయి, దగ్గుతూ, గాలి పీల్చుకుంటున్నాడు. కలశం పచ్చగా మెరిసింది. రాజుగారి కాటాలో గురిగింజెత్తు కూడా తగ్గలేదు.

గవరయ్య బతికాడు. చేతి వణుకు మాత్రం పోలేదు. తవిటమ్మ మంచం పట్టింది. ఏళ్ళ తరబడి ఆ మట్టిని చేత్తో గీకి, కాలితో తొక్కి కలిపిన మనిషి. ఆ పైన ఆ పొగ. చూడ్డానికి ఎవరొచ్చినా ఒకటే అడిగేది.

"గోడ మళ్ళీ కట్టేసేరేటి?"

"నేదే," అన్నాడు గవరయ్య. మొగుడు కదా, ఊరడిస్తున్నాడనుకుంది.

"నేదొదినా," అంది పొరుగింటి ఆడపడుచు. జాలిపడుతోందనుకుంది.

చివరికి బ్రహ్మలింగం వచ్చాడు. ఓలే అనడమే తప్ప ఏనాడూ నిండుగా పేరు పెట్టి పిలవని మనిషి. గడప దగ్గర నిలబడి, వణికే చేతులు రెండూ బయటపెట్టి, "కట్టలేదమ్మా, తవిటమ్మా," అన్నాడు.

ఆమె ఆ చేతుల్నే చూసింది.

"రేపో?" అంది.

ఆ మాట మీదే పోయింది.

ఇప్పటికీ ఆ వైపు పూత కొట్లకి మూడే గోడలు. నాలుగోది లేని చోటుని తవిటమ్మ గోడ అంటారు. జల్లు కొట్టి నిప్పులారిపోతే తిట్టుకుంటూ మళ్ళీ రాజేసుకుంటారే గాని, అక్కడ తడిక కూడా కట్టరు. పొద్దున్నే నిప్పు వేసే ముందు, ఎంత తొందరలో ఉన్నా, ఆ ఖాళీ వైపు తిరిగి పైకే చెప్తారు.

"ఇయ్యాల కూడా కట్టలేదమ్మా."