పెరుగన్నం మీద రాజముద్ర

ఏ పటంలోనూ దొరకదు గానీ, ఒకానొక రాజ్యం ఉండేది. దాని పేరు చిత్రగిరి. దాన్ని ఏలే విక్రమకేసరి మహారాజుగారికి యుద్ధమంటే భయం, వేటంటే బద్ధకం, వ్యాజ్యమంటే మాత్రం ప్రాణం. ఊళ్లో ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేసినా ఆయన ముఖం వెలిగిపోయేది.

ఆయన కొలువులో అనంతభట్టుగారని ఒక న్యాయకోవిదుడు. వ్యాఖ్యాన శిరోమణి అని బిరుదు. రోజూ సాయంత్రం కోట ముందు అరుగెక్కి, నడుస్తున్న వ్యాజ్యాలను జనానికి విశ్లేషించి చెప్పడం ఆయన ఉద్యోగం. "దీన్ని రెండు కోణాల్లో చూడాలి" అని మొదలుపెట్టేవాడు. చీకటి పడేసరికి మూడో కోణం కనిపించేది. నాలుగోది రేపు చెబుతానని అరుగు దిగేవాడు. జనం వేయించిన శనగలు నములుతూ వినేవారు. అప్పటికింకా టీవీలు పుట్టలేదు, అయినా ఆ లోటు ఎవరికీ తెలియలేదు.

రాజుగారు మురిసిపోయి ఒక శాసనం చేశారు. శిరోమణిగారి విశ్లేషణ పూర్తయితే తప్ప ఏ వ్యాజ్యంలోనూ తీర్పు చెప్పకూడదు. అప్పటిదాకా తగాదాలో ఉన్న వస్తువు రాజముద్ర వేయించుకుని కోటలోనే ఉండాలి. దాన్ని గానీ, దాన్నుంచి వచ్చినదాన్ని గానీ ఎంతటివారైనా ముట్టకూడదు. "ఎంతటివారైనా" అనే మాట రాజుగారే పట్టుబట్టి చేర్పించారు, గంభీరంగా ఉంటుందని.

ఇలా ఉండగా రాజుగారి పుట్టినరోజు వచ్చింది. ఊరేగింపులో ఆయన పల్లకీలోంచి వంగి జనానికి చెయ్యి ఊపుతుంటే, మెళ్లో బంతిపూల దండ బయటికి వేలాడింది. పక్కనే పైడమ్మ అనే పాలమనిషి గేదె నిలబడి ఉంది. అది మెడ చాచి, దండ అందుకుని, తాపీగా నమిలేసింది.

జనం నవ్వారు. రాజుగారికి తల కొట్టేసినట్టయింది.

"ఇది ఆకలా, రాజద్రోహమా? తేల్చండి!" అని గర్జించారు.

భటులు గేదె నుదుట ముద్ర వేసి కోట పశువులశాలలో కట్టేశారు. శిరోమణిగారు అరుగెక్కారు. పువ్వు కోరి తిన్నదా, దారం కోరి తిన్నదా అన్న ఒక్క విషయం తేల్చడానికే ఆయనకు పక్షం రోజులు చాల్లేదు.

ఇంటిదగ్గర పైడమ్మ దూడ పాలు లేక చిక్కిపోయింది. ఆవిడ కొలువుకొచ్చి ఏడ్చింది.

"బాబూ, ఆ నోరులేనిది ఏటి సేసినాది? పువ్వులు కనిపించినాయి, తినేసినాది. దూడ అరిసి అరిసి గొంతు పోనాది. గంజి తాగిత్తన్నాను, ఎన్నాళ్లు బతుకుతాది బాబూ?"

"వ్యాజ్యం నడుస్తుండగా కన్నీళ్లు పెట్టుకోవడం విచారణను ప్రభావితం చేయడమే అవుతుంది" అన్నారు శిరోమణిగారు. రాజుగారు ఆ మాట నచ్చి తల ఊపారు.

ఇదంతా అప్పలస్వామి చూస్తున్నాడు. రాజుగారు భోంచేస్తుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం అతని కొలువు. మాటకారి, చిలిపివాడు. పైడమ్మ కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయేదాకా చూస్తూ నిలబడ్డాడు. తిన్నగా వంటశాలకు వెళ్లి వంటవాడితో కాసేపు ముచ్చటించి, నవ్వుకుంటూ బయటికొచ్చాడు.

మర్నాడు రాజుగారు విస్తరి ముందు కూర్చున్నారు. పప్పయింది, గోంగూరయింది, పులుసయింది. ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. పెరుగన్నం తినందే రాజు చెయ్యి కడగకూడదు, విస్తరి ముందునుంచి లేవకూడదు.

"ఈమధ్య పెరుగు అమృతంలా ఉంటోందోయ్!" అంటూ రాజుగారు గడ్డపెరుగు మీద చెయ్యి వేయబోయారు.

"ప్రభూ, ముట్టకండి!" అని అరిచాడు అప్పలస్వామి.

"ఏం? విషమా?"

"అంతకన్నా ఘోరం. వ్యాజ్యం!"

రాజుగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఇది పైడమ్మ గేదె పెరుగు ప్రభూ. కోటలో కట్టేశారు గానీ, పాలు పిండటం ఎవరూ ఆపలేదు. తగాదాలో ఉన్నదాన్నుంచి వచ్చినదాన్ని ఎంతటివారైనా..."

"సరే సరే. వేరే కుండ తెమ్మను."

"అన్ని కుండల్లోనూ ఈ పెరుగే తోడు వేశారు ప్రభూ."

"ఊళ్లోంచి తెప్పించు!"

"రాజుగారి పెరుగు తోడు దొరికిందంటే గొప్ప కదా! ఊరంతా కోటకొచ్చి తోడు పట్టుకెళ్లింది. ఇప్పుడు రాజ్యంలో నిర్దోషి అయిన పెరుగు చుక్క లేదు."

తన శాసనాన్ని తనే మీరడం రాజుగారికి నామోషీ. పెరుగన్నం లేకుండా లేవడం వంశానికి మచ్చ. "శిరోమణిగారిని పిలవండి! త్వరగా విశ్లేషించి వదిలిపెట్టమనండి" అన్నారు.

శిరోమణిగారు వచ్చి పెరుగు గిన్నె చుట్టూ ఒకసారి తిరిగారు. "దీన్ని రెండు కోణాల్లో చూడాలి. నేరం చేసినప్పుడు ఇది పాలు కూడా కాదు, గడ్డి. మరి గడ్డి చేసిన నేరానికి పెరుగు బాధ్యత వహిస్తుందా?"

"వహించదు! అయిపోయిందా?" అన్నారు రాజుగారు ఆశగా.

"తొందరపడకండి ప్రభూ. మీగడను విడిగా విచారించాలి."

మీగడ తరవాత తోడు వచ్చింది. తోడు తరవాత కుండ వచ్చింది. రాజుగారి చేతికి పులుసు ఎండి అట్టకట్టింది. ముక్కు దురద పెట్టింది, గోక్కోవడానికి లేదు. ఒక ఈగ వచ్చి మహారాజుగారి బొటనవేలి మీద కాపురం పెట్టింది. కాళ్లు తిమ్మిరెక్కాయి. శిరోమణిగారు మాత్రం ఉత్సాహంగా, "ఇక కవ్వం పాత్ర ఏమిటో చూద్దాం" అన్నారు.

"అప్పలస్వామీ! దీనికి దారేమైనా ఉందా?" అని మూలిగారు రాజుగారు.

"శాసనం ప్రకారం విశ్లేషణ పూర్తవ్వాలి ప్రభూ. కానీ పూర్తయిందని ఎవరు చెప్పాలో అందులో లేదు."

"పూర్తయింది!" అని రాజుగారు కేక పెట్టారు. ఈగ ఎగిరిపోయింది. "గేదెకి ఆకలేసింది, దండ తింది. ఇందులో ద్రోహం లేదు. విడిచిపెట్టండి!" అంటూనే పెరుగు గిన్నె మొత్తం అన్నంలో కుమ్మరించుకున్నారు.

నాలుగు ముద్దలు దిగాక ఆయనకు స్థిమితం కలిగింది. "ఇంత చిన్న మాట ఇన్నాళ్లూ ఎవరూ అనలేదేం?" అన్నారు.

"దూడ రోజూ అంటూనే ఉంది ప్రభూ. దానికి కొలువులో ఆసనం లేదు."

రాజుగారు తింటున్న ముద్ద ఆపేశారు. ఒక్క పూట పెరుగు ఆలస్యమైతేనే తాను ఇంత గోల చేశానని ఆయనకు నిజంగా సిగ్గేసింది. చెయ్యి కడుక్కుని, పైడమ్మకు కబురంపి, అప్పలస్వామీ శిరోమణిగారూ వెంటరాగా తనే పశువులశాలకు నడిచి వెళ్లి, గేదె కట్టు విప్పి పైడమ్మ చేతికి పలుపు ఇచ్చారు.

"తల్లీ, ముందు దూడకి పెట్టు. మిగిలితేనే కోటకి పంపు."

"నీ కడుపు సల్లగుండ బాబూ!" అని పైడమ్మ దణ్ణం పెట్టింది.

ఆపైన రాజుగారు తన మెళ్లోని మల్లెల దండ తీసి అప్పలస్వామి మెడలో వేశారు. "నన్ను ఇంతసేపు ఎండబెట్టినందుకు ఇది బహుమానం. ఇకనుంచి నా కొలువులో దూడ తరఫున నువ్వే మాట్లాడాలి" అన్నారు.

అప్పలస్వామి వంగి నమస్కరించాడు. పక్కనున్న గేదె మెడ చాచి ఆ దండ అందుకుని, తాపీగా నమిలేసింది.

అందరూ భయంగా రాజుగారి వైపు చూశారు. శిరోమణిగారి కళ్లు మాత్రం మెరిశాయి. "ప్రభూ! దీన్ని రెండు..."

రాజుగారు తనకోసం వెంట తెచ్చుకున్న తాంబూలం గబుక్కున తీసి శిరోమణిగారి నోట్లో కుక్కి, పశువులశాల దద్దరిల్లేలా నవ్వారు.