ఊరుకోని పనస మొద్దు

యేసుపాదం మాస్టారిని ప్రశ్న అడిగితే, జవాబు వచ్చేలోపు అడిగినవాడి గడ్డం నెరుస్తుందని విశాఖపట్నం వన్‌టౌన్‌లో చెప్పుకుంటారు. ఆయన ఎలక్ట్రిక్ గిటార్లు చేసే షెడ్డు హార్బరుకి దగ్గరలోనే ఉంది. అక్కడ కర్రపొడి ఎంత ఉంటుందంటే, లోపలికి దూరిన పిల్లి ఏ రంగుదైనా సరే, బయటికొచ్చేటప్పుడు గోధుమ రంగులోనే వస్తుంది. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరినవాడు నూకరాజు. వాడిది బొబ్బిలి వైపు వీణలు చేసే ఇల్లు. ఆ ఇంట్లో బిడ్డ పుట్టగానే ఏడవడనీ, ముందు ఉయ్యాల కర్రని వేలితో కొట్టి చూసి, నాదం నచ్చితేనే నోరు విప్పుతాడనీ అంటారు.

చేరిన కొత్తలో నూకరాజు అడిగాడు. "మాస్టారూ, ఏ కర్రతో చేస్తే ఈ గిటారు బాగా పాడుతుంది?"

మాస్టారు చిత్రిక పడుతున్నవారు తల ఎత్తలేదు. "ఏది బాగా పాడుతుందని నీకనిపిస్తే దాంతో ఒకటి చెయ్యి బాబూ. చూద్దాం."

నూకరాజుకి అనిపించడానికేముంది? పనస తప్ప లోకంలో ఇంకో కర్ర పాడుతుందంటే వాడి వంశంలో ఎవరూ నమ్మరు. తండ్రి వీరభద్రాచారి అటక మీద ఒక పనస మొద్దు ఉంది. పొయ్యి పొగకీ ఎండకీ ఏళ్ళ తరబడి ఆరి, గోరు తగిలితే గంట మోగినట్టు మోగేది. దాని పక్కన ఎవరైనా తుమ్మితే అది కూడా శ్రుతిలో తుమ్మేదట. ఆ మొద్దు ఇవ్వమని కొడుకు వెళ్ళి నిలబడితే ఆచారిగారు మొద్దునోసారి, కొడుకునోసారి చూశారు.

"తీగకి కరెంటు పెట్టే పనికి నా పనసేటిరా?" అన్నారు చివరికి. అని, మొద్దు దింపి ఇచ్చారు. ఇస్తూ ఒక మాట మాత్రం పెట్టారు. "గిటారు అయ్యాక ఆదివారం చర్చిలో వాయిస్తారన్నావు కదా. వస్తాను. వింటాను. మొద్దు పరువు నిలబడిందా, ఆ పట్నంలోనే ఉండు. లేదా, నాతోపాటు బస్సెక్కి వచ్చీ. మన పని మనం చేసుకుందాం."

నూకరాజుకి వీణ మీద కోపం లేదు. కానీ గిటారు మీద మనసు పడింది, ఏం చేస్తాడు? అందుకే ఆ మొద్దు మీద ప్రాణం పెట్టాడు. చేతులకి ఏది తెలుసో అదే చేశాడు. వాళ్ళింట్లో ఏకాండి పద్ధతి. గుండ్రటి కుండా, పొడవాటి దండీ ఒకే మొద్దులోంచి రావాలి, మధ్యలో అతుకు ఉండకూడదు. ఆ ఇంటి వీణని చూసి ఎవరైనా పొరపాటున "అతుకుందా?" అంటే చాలు, ఇల్లంతా ఆ పూట అన్నం మానేస్తుంది. అలాగే గిటారు మెడా, ఒళ్ళూ ఒకే మొద్దులో తీశాడు. కడుపు తొలిచాడు. గోడలు పల్చబడి, వేలితో తడితే గుమ్మడిలా మోగేదాకా తొలిచాడు. పైన అదే పనసతో పల్చటి మూత వేశాడు. మాస్టారు చూస్తూనే ఉన్నారు. పొట్టు కాలికి అడ్డం వస్తే చీపురుతో పక్కకి నెట్టారంతే.

శుక్రవారం సాయంత్రం కెజియా వచ్చింది. రైల్వే ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది, ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తుంది. కరెంటు పెట్టకుండా ముందు ఊరికే మీటింది. "అన్నయ్యా, ఇదేంటిది, తేనె కారుతోంది!" అంది. నూకరాజు భూమికి జానెడు ఎత్తున నడిచాడు.

ఆ తర్వాత చర్చిలోకి తీసుకెళ్ళి వైరు తగిలించి, ఆంప్లిఫయరు శబ్దం పెంచారు.

ముందు చిన్న మూలుగు వచ్చింది. కెజియా తీగ ముట్టనే లేదు. మూలుగు పెరిగింది, కేకయింది, ఊళయింది. హార్బరులో లంగరేసిన ఓడ ఒకటి, తననెవరో పిలుస్తున్నారనుకుని తిరిగి కూత పెట్టింది. ఇక్కణ్ణించి భీమిలి దాకా కుక్కలన్నీ అందుకున్నాయి. గోపురం మీద పావురాలు లేచిపోయి మళ్ళీ ఈస్టరుకి గాని దిగలేదంటారు. నమ్మనివాళ్ళు పావురాలనే అడగొచ్చు.

"ఆపన్నయ్యా! చెవులు పోతున్నాయి!" అని కెజియా అరిచింది.

నూకరాజుకి చేతులాడలేదు. మాస్టారు మాత్రం తాపీగా వచ్చి, "ఏదీ, దాని కడుపు మీద అరచెయ్యి పెట్టు," అన్నారు.

పెట్టాడు. కర్ర వణుకుతోంది. ఎవరూ వాయించకుండానే, జ్వరం వచ్చిన పిల్లలా గజగజ వణుకుతోంది. ఆంప్లిఫయరు పెట్టెలోంచి వచ్చే శబ్దానికి పల్చటి కడుపు అదురుతోంది. ఆ అదురుకి తీగలు కదులుతున్నాయి. ఆ కదలికే మళ్ళీ పెట్టెలోంచి ఇంకా పెద్దదై వస్తోంది. వాడికి నోటితో చెప్పడం రాకపోయినా చేతికి తెలిసిపోయింది. గట్టిగా అదిమాడు. ఊళ ఆగింది. చెయ్యి తీశాడు. మళ్ళీ మొదలయింది. అదిమాడు. ఆగింది.

"బాగుంది," అన్నారు మాస్టారు. "ఆదివారం ఆ అమ్మాయి వాయిస్తున్నంతసేపూ పక్కన నిలబడి, ఇలా కడుపు నొక్కుతూ ఉంటావా?"

కెజియా నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. నూకరాజుకి ఏడుపొక్కటే తక్కువ. ఎల్లుండి తండ్రి వస్తాడు. ఇంకో పనస మొద్దు లేదు. ఉన్నా, ఆరాలంటే ఏళ్ళు పడుతుంది.

శనివారం పొద్దున్నే మాస్టారు షెడ్డు మూలనుంచి ఒక చెక్క తెచ్చి వాడి ముందు పడేశారు. ఏదో దేశంనుంచి ఓడలో యంత్రాలొచ్చిన పెట్టె తాలూకు చెక్క. తేలికది, తెల్లటిది, ఒక పక్క మేకుల బెజ్జాలు కూడా ఉన్నాయి.

"ఇదేటి మాస్టారూ?"

"నీ అరచెయ్యి."

నూకరాజు అర్థం చేసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "ఏకాండిలో అతుకా? అదీ పెట్టె చెక్కతోనా? మా నాన్న నన్ను బతకనిస్తాడా?"

"పనస చెక్కే కావాలంటే నువ్వు తొలిచిన పొట్టంతా ఏరి తీసుకురా, ముద్ద చేద్దాం," అన్నారు మాస్టారు. ఆ పొట్టు పొయ్యిలో వేసి టీ కాచుకుని తాగేశారని ఇద్దరికీ తెలుసు.

వాడు గిటారు తీగలు విప్పాడు. తర్వాత ఇస్త్రీపెట్టె వేడి చేసి, అంచుల వెంట ఆనిస్తూ జిగురు మెత్తబరిచి, తన చేత్తో వేసిన మూత తన చేత్తోనే లేపాడు. పెట్టె చెక్కని కడుపు పొడవునా, సరిగ్గా తీగలు కట్టే చోటు కిందకి వచ్చేలా చెక్కాడు. మాస్టారు సుద్దముక్క ఇచ్చారు. చెక్కకి సుద్ద రాసి లోపల పెట్టి తీస్తే, ఆనిన చోట సుద్ద పనసకి అంటుతుంది, ఆనని చోట అంటదు. ఎక్కడ ఎక్కువ ఆనిందో అక్కడ పొర తీయాలి. అలా పెట్టడం, తీయడం, మళ్ళీ రాయడం. చీమ కూడా దారి దొరక్క తిరిగిపోయేలా, సందన్నది మిగలకుండా, చివరికి సుద్ద అంతటా ఒక్కలా అంటింది. జిగురు రాసి, మూత వేసి బిగించాడు.

ఆదివారం వీరభద్రాచారిగారు మడత నలగని పంచె కట్టుకుని వచ్చారు. చర్చి ఆఖరి బెంచీలో, చెప్పులు బయట విడిచి, కచేరీకి కూచున్నట్టు కూచున్నారు. కెజియా వైరు తగిలించింది. నూకరాజు కళ్ళు మూసుకున్నాడు.

ఊళ లేదు. మూలుగు లేదు. ఆ అమ్మాయి నిదానమైన కీర్తన ఒకటి ఎత్తుకుంది. ఆ ఏడే పోయిన వాళ్ళమ్మ కోసమని జనానికి చెప్పి మరీ మొదలుపెట్టింది. చివరి స్వరం మీటి వదిలేసింది. ఆ స్వరం బెంచీల మీదుగా, జనం తలల మీదుగా, కిటికీల్లోంచి సముద్రం దాకా వెళ్ళి, మనసు మార్చుకుని తిరిగి వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టి, ముగించి, కళ్ళద్దాలు తుడుచుకున్నాక గాని అది పూర్తిగా అణగలేదు.

అందరూ లేచాక ఆచారిగారు ముందుకొచ్చి గిటారు అందుకున్నారు. వీణల వాళ్ళ అలవాటు, వేలి కణుపుతో కొట్టి విన్నారు. ఈ పక్క కొట్టారు. ఆ పక్క కొట్టారు. మధ్యలో కొట్టి ఆగిపోయారు.

"కడుపులో ఎవర్ని కూచోబెట్టావురా?"

"పెట్టె చెక్క నాన్నా. అతికేను. ఓడ పెట్టెది."

"ఆయన పెట్టారా, నువ్వు పెట్టావా?"

"నేనే."

ఆచారిగారు మళ్ళీ కొట్టారు. చెవి ఆనించి మళ్ళీ కొట్టారు. "సందు లేదు," అన్నారు. అని, మూత అంచు వెంట గోరు పోనిచ్చి మొహం చిట్లించారు. "ఇక్కడ మాత్రం మూత లేచింది చూడు, దూడ చెవిలాగ. ఎవడు నేర్పేడురా నీకు మూత వెయ్యడం? నేనేనా? ఈసారి చేసినప్పుడు కబురు పెట్టు. నేనొచ్చి వేస్తాను."

తండ్రి బస్సు మాట ఎత్తలేదని నూకరాజుకి అర్థమైంది. ఆ ధైర్యంతోనే మాస్టారి వైపు తిరిగాడు. "ఇప్పుడైనా చెప్పండి మాస్టారూ. ఇందాక పాడింది పనసా, పెట్టె చెక్కా?"

"నేను వెనక కుర్చీలు సర్దుతున్నాను. మీ నాన్నగారు విన్నారు, ఆయన్నడుగు."

ఆచారిగారు ఆలోచించారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "కర్ర నాకేటీ వినబళ్ళేదురా," అన్నారు నెమ్మదిగా. "ఆ పిల్ల వాళ్ళమ్మని తల్చుకుంది. అదే వినబడింది."

యేసుపాదం మాస్టారు చేతిలో కుర్చీ కింద పెట్టారు.

"అయితే కర్ర మంచిదే, బాబూ," అన్నారు.